గడప మీది నీడ

మార్చి 3, సోమవారం

మ్యూజియానికి సెలవు. మాకు లేదు. కొత్త గ్యాలరీ మే 2న తెరుస్తారు. ఆలోపు పద్దెనిమిది పాత చిత్రాలు శుభ్రం చేసి ఇవ్వాలి. పదిహేడు అయ్యాయి. మిగిలింది పెద్దది, ‘ఆహ్వానం’. ఈ రోజు నలుగురు మోసుకొచ్చి నా గదిలో బల్ల మీద పడుకోబెట్టారు.

అయిదడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. బట్ట మీద నూనె రంగులు. నూట ముప్పై ఏళ్ళ నాటిది. చిత్రకారుడి పేరు ఉండాల్సిన చోట రిజిస్టర్లో ‘తెలియదు’ అని ఉంది. ఒక ఇంటి గుమ్మం, గుమ్మంలో నడివయసు స్త్రీ, కుడిచేయి ద్వారబంధం మీద. పక్కన కుండ, కట్టేసిన మేక. మంచి ఎండ. ఎండ అని గోడ రంగు చెబుతోంది. నీడ మాత్రం ఎక్కడా లేదు. ఆమెకు లేదు, కుండకు లేదు, మేకకూ లేదు.

ఈ లేకపోవడం మీద డైరెక్టర్ గారు నలభై పేజీల పుస్తకం రాశారు. వెలుగునీ నీడనీ విడదీసి చూడడం మనల్ని ఏలినవాళ్ళు తెచ్చిన జబ్బట. మన మూలాల్లో అది లేదట. అంతకుముందు మనవాళ్ళు ఎండలో నడిస్తే నేల మీద ఏమీ పడేది కాదు కాబోలు.

ఆయన పద్నాలుగేళ్ళు ఆ ఏలినవాళ్ళ దేశంలోనే చదివి, మన మూలాలు ఎక్కడున్నాయో అక్కడి లైబ్రరీలో కనుక్కుని వచ్చారు. నోరు తెరిస్తే మూలాలే. ఈ డైరీలో ఆయన పేరు మూలాలాయన.

బొమ్మ ఇప్పటికే పోస్టర్ల మీద, టూరిజం వాళ్ళ క్యాలెండర్ మీద, స్కూలు పుస్తకం అట్ట మీద ఎక్కింది. మా తోడికోడలి ఇంట్లో ఆ బొమ్మ ఉన్న కప్పులు ఆరు. ‘చేయి చాచి పిలిచే మన ఇల్లు’ అని కింద అచ్చేశారు. మొన్న ఆ కప్పులోనే నాకు కాఫీ ఇచ్చి, “అక్కయ్యా, నువ్వు పనిచేసే చోటిదేగా” అంది. అవునన్నాను.

జూలై ఆఖరుకు ఉద్యోగం నుంచి దిగిపోతాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఇదే గది, ఇదే దూది.

మార్చి 4

ఎడమ పైమూల నుంచి మొదలుపెట్టాను. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, అరచేయంత మేర. పసుపెక్కిన వార్నిష్ వచ్చేస్తోంది. గోడ బూడిద రంగు కాదు, లేత నీలం.

కింది భాగం ఆఖర్న చేస్తాను. గడప దగ్గర బట్ట బలహీనంగా ఉన్నట్టుంది.

మార్చి 7

మూలాలాయన ఇద్దరు పత్రికలవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. నా చేతికి పుల్ల ఇచ్చి ఫొటో తీశారు. నీడ లేకుండా గీయడం ఎంత స్పృహతో చేసిన పనో వాళ్ళకు చెప్పమన్నారు. నేను వార్నిష్ పసుపెక్కడానికి కారణాలు చెప్పాను. వాళ్ళు రాసుకోలేదు.

మార్చి 11

గడప దగ్గర బట్ట బలంగానే ఉంది. కింది భాగం మొదలుపెట్టే ముందు అతినీలలోహిత దీపం కింద చూశాను. మొదటి రోజే చూడాల్సింది. నియమం అదే.

తెరలు దించి దీపం వేస్తే పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది. దాని మీద ఎవరైనా తర్వాత రంగు వేసి ఉంటే, అంత మేరా నల్లగా కనిపిస్తుంది. కుండ పక్కన నల్లని మచ్చ. మేక కాళ్ళ వెనుక మరొకటి. ఆమె పాదాల దగ్గర ఒకటి. గడపకు అడ్డంగా రెండడుగుల పొడవున ఇంకొకటి. మామూలు వెలుతురులో లేని నీడలన్నీ దీపం కింద ఉండాల్సిన చోటే ఉన్నాయి.

అంటే నీడలు ఉండేవి. ఎవరో వాటి మీద నేల రంగు పూశారు. ఓపిక ఉంది, బుద్ధి లేదు. గోడకు సున్నం కొట్టినట్టుంది. చేతకాని పని.

ఫొటోలు తీసి పెట్టాను.

మార్చి 12

గేటు దగ్గర గార్డు ఒక మనిషిని నా గదికి పంపాడు. అరవై దాటినవాడు, గోళ్ళలో ఎర్ర రంగు. షాపులకు బోర్డులు రాస్తాడట. బస్టాపులో పోస్టర్ చూసి, ఆ బొమ్మ వాళ్ళ ముత్తాతదని చెప్పడానికి నాలుగుసార్లు ఆఫీసుకు వచ్చాడు. నాలుగుసార్లూ ఫారం ఇచ్చి పంపారు. అయిదోసారి గార్డు జాలిపడి, లోపల బొమ్మల డాక్టరమ్మ ఉంది వెళ్ళమన్నాడట.

రుజువు ఏమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. ఇంట్లో చెప్పుకునే మాట తప్ప కాగితం లేదట. స్టూలు చూపించాను, కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“ఇది మావాళ్ళదేనమ్మా. కానీ దీన్ని ఏదో చేశారు.”

“ఏం చేశారు మేస్త్రీ?”

“మావాళ్ళు నీడ లేకుండా గీయరు. నేను మందుల షాపు బోర్డు రాసినా అక్షరానికి నీడ వేస్తాను. సూర్యుడు ఎక్కడున్నాడో చెప్పాకే బ్రష్ ముట్టుకోనిచ్చేవాడు మా తాత. చెప్పలేకపోతే నెత్తి మీద ఒక్కటిచ్చేవాడు.”

తర్వాత గడప వైపు వేలు చూపించాడు. తాకలేదు. అక్కడ టోపీ పెట్టుకున్న మనిషి నీడ ఉండాలన్నాడు. ఇల్లు సోదా చేయడానికి వచ్చిన దొర నీడ. దొర బొమ్మలో ఉండడు, బయట నిలబడి ఉంటాడు, అతని నీడ ఒక్కటే గడప దాకా వస్తుంది. గుమ్మంలో ఉన్నది ముత్తాతకు అక్క.

“చేయి చూశారా? పిలుస్తోందని రాశారు పోస్టర్ మీద. ఆమె పిలవట్లేదమ్మా, అడ్డంగా నిలబడింది. లోపలికి రానివ్వదు.”

నేను తెరలు దించి దీపం వేశాను. ఎందుకు వేశానో తెలియదు. బయటివాళ్ళకు చూపించకూడదు. గడప మీది నల్లటి మచ్చను అతను చాలాసేపు చూశాడు. మచ్చ అంచులు మొద్దుగా ఉన్నాయి, టోపీ అని చెప్పలేం. అతనికి మాత్రం కనబడినట్టే ఉంది.

“ఎవరు చేశారమ్మా ఈ పని?”

తెలియదన్నాను.

మార్చి 13

మందుల షాపు బోర్డు చూశాను. ప్రతి అక్షరానికీ నీడ ఉంది. ఎడమకు, కిందికి. పొరపాటు ఒక్కటీ లేదు.

మార్చి 18

దీపం ఫొటోలు మూలాలాయనకు చూపించాను. ముందు మొహం మాడిపోయింది. తర్వాత, ఆ నీడలు ఏలినవాళ్ళ చిత్రకారుడెవడో ఆ తర్వాత కలిపి ఉంటాడన్నారు. కాదన్నాను. పాత రంగు ఎండి పగుళ్ళు తీస్తుంది. ఆ పగుళ్ళు గోడలోంచి, నీడలోంచి తెగకుండా ఒకే గీతగా పోతున్నాయి. నీడ, గోడ ఒకే వయసువి. పైపూత మాత్రం ఆ పగుళ్ళలోకి దిగి గడ్డకట్టింది. అది చాలా తర్వాతిది.

ఆయన కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. మొహం వెలిగిపోయింది.

“అంటే మేడమ్, కప్పింది మనవాళ్ళు! పాలకుల నీడను మనవాడెవడో తిరస్కరించాడు. పేరు కూడా చెప్పుకోకుండా. ఎప్పటి పూత ఇది?”

“చెప్పలేం సార్.”

“ఉద్యమకాలం అనుకోవచ్చా?”

“మీ ఇష్టం సార్.”

నలభై పేజీల పుస్తకం రెండు నిమిషాల్లో తిరగబడింది, పుస్తకానికి మాత్రం ఏమీ కాలేదు. గీసినవాడు నీడ వేయకపోతే అది మూలం. వేస్తే, కప్పినవాడు మూలం. ఎటు తిప్పినా పిల్లి కాళ్ళ మీదే పడుతుంది.

మేస్త్రి సంగతి చెప్పాను. వాళ్ళ ముత్తాత పేరు కూడా ఇచ్చాను, లేబుల్ మీద పెట్టడానికి. బోర్డులు రాసేవాడా అని అడిగారు. ఆ కుటుంబం చేతిపని ఏలినవాళ్ళ డ్రాయింగ్ స్కూల్లో పాడైపోయి ఉంటుందనీ, అలాంటివాళ్ళ జ్ఞాపకాన్ని జాగ్రత్తగా తీసుకోవాలనీ అన్నారు. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. ఈయన డిగ్రీలన్నీ ఎక్కడివో మరి.

మార్చి 25

లేబుల్ చిత్తుప్రతి వచ్చింది. సాయంత్రం మా ఆయనకు చదివి వినిపించాను, నవ్వుకుంటారని.

‘పాలకుల కళ మన చూపు మీద వేసిన నీడను ఒక అజ్ఞాత దేశభక్తుడి చేయి చెరిపింది. ఇది మౌన ప్రతిఘటన.’

ఆయన సర్వే ఆఫీసులో మ్యాపులు గీసి రిటైరైన మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అజ్ఞాత దేశభక్తుడు మన ఇంట్లోనే ఉన్నాడుగా. పొద్దున్నే కాఫీ కూడా పెడతాడు.”

ఏం మాటలవి అన్నాను.

“మన పెళ్ళైన ఏడాది. పదకొండు రోజులు ఆ బొమ్మ మీద కూర్చున్నావు. ఇంటికొచ్చి సబ్బుతో చేతులు రుద్దీ రుద్దీ కడిగేదానివి. ఏమైందంటే చెప్పేదానివి కాదు.”

మీకు మతిమరుపు మొదలైంది, అది వేరే బొమ్మ అన్నాను. లేచి వెళ్ళి కప్పులు కడిగాను.

ఆయనకు తేదీలు గుర్తుండవు.

మార్చి 27

పదకొండే.

ఏప్రిల్ 2

రాస్తాను. ఎవరికీ చూపించేది కాదు కదా.

ముప్పై ఒక్క ఏళ్ళ కింద ఒక కమిటీ వేశారు. అయిదుగురు. స్వతంత్ర దేశపు మ్యూజియంలో ఏమేం ఉండాలో తేల్చే కమిటీ. అయిదుగురూ ఏలినవాళ్ళు పెట్టిన స్కూల్లో చదివినవాళ్ళే. ఛైర్మన్ గారి నిలువెత్తు చిత్రం ఆయన గదిలోనే ఉండేది. ముక్కు పక్కన చక్కని నీడతో. వాళ్ళు ఈ బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడి ఒక ఆర్డర్ ఇచ్చారు. ‘విదేశీ ప్రభావంగా కనిపించు ఛాయలన్నిటినీ మృదువుగా సరిచేయవలెను.’ నాకు ఇప్పటికీ నోటికొచ్చు.

అప్పుడు ఈ గదికి పెద్ద మా గురువు గారు. కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. తనకు కళ్ళు సరిగా ఆనడం లేదనీ నన్ను చేయమనీ అన్నారు. ఆయన కళ్ళకు ఏమీ కాలేదు. ఆ తర్వాత పదేళ్ళు సూదిలో దారం ఎక్కించారు. నాకు ఇరవై నాలుగేళ్ళు. రోజుకూలీ మీద ఉన్నాను.

కుండ నీడ ఒక రోజు. మేక నీడ రెండు రోజులు. ఆమె నీడకు మూడు. గడప మీది టోపీ నీడ ఆఖర్న మిగిలింది. అది ఏమిటో చూడగానే తెలుస్తుంది, చదువు అక్కర్లేదు. నేను వెళ్ళి అడిగాను, ఇది కూడానా సార్ అని. ఆయన జేబులోంచి కాగితం తీసి, ‘అన్నిటినీ’ అని రాసి ఉందన్నారు.

అయిదు రోజులు పట్టింది. మరుసటి నెల నన్ను పర్మనెంట్ చేశారు.

విదేశీ ప్రభావం తీసేయాలని కూర్చున్న అయిదుగురు పెద్దమనుషులు, ఆ బొమ్మలో దొరను గుమ్మం బయట నిలబెట్టిన ఒకే ఒక్క గుర్తును తీసేయించారు. దొర పోయాడు. ఆమె మిగిలింది, చేయి చాచి పిలుస్తూ. ఎవరిని పిలుస్తోందో ఎవరూ అడగలేదు. కప్పుల మీద అచ్చేశారు.

మార్చి 11న చేతకాని పని అని రాశాను. అబద్ధం. పని చాలా బాగుంది. మామూలు వెలుతురులో ముప్పై ఒక్క ఏళ్ళు ఎవరూ పట్టుకోలేదు.

ఏప్రిల్ 9

గడప దగ్గర అంగుళం మేర పైపూత తీసి చూశాను. టోపీ అంచు బయటపడింది. నలుపు కాదు, నీలం కలిసిన గోధుమ. ఎండ వేడి తెలుస్తోంది ఆ రంగులో.

మూలాలాయనకు రాసి ఇచ్చాను. మూడే వాక్యాలు. పైపూత ముప్పై ఒక్క ఏళ్ళ నాటిది, కమిటీ ఆర్డర్ ప్రకారం వేసినది. వేసినది నేను. కింద ఉన్నది చిత్రకారుడు వేసిన అధికారి నీడ, దాన్ని బయటపెట్టాలి.

రెండుసార్లు చదివారు. లేచి తలుపు వేశారు. తిడతారనుకున్నాను. మెత్తగా మాట్లాడారు. గ్యాలరీ కట్టించినది ఏలినవాళ్ళ దేశపు ట్రస్టు. తెరవడానికి వచ్చే ముఖ్య అతిథి ఆ దేశపు మనిషి. పిలుపు కార్డుల మీద ఆమె బొమ్మ, ‘ఆహ్వానం’ అన్న పేరు.

“దొర నీడ చూపిస్తూ దొరను పిలుద్దామా మేడమ్? మీరే చెప్పండి.”

మూలాలు ఆ గుమ్మం దాకానే ఉన్నాయన్నమాట.

నా సర్వీసు రెండేళ్ళు పొడిగించమని పైకి రాశానన్నారు. ఈ గదిలో నా తర్వాత పని తెలిసినవాళ్ళు లేరు, అది నిజమే. ‘శుభ్రపరచడం పూర్తయినది, మూలచిత్రంలో మార్పు లేదు’ అన్న కాగితం మీద సంతకం చేసి ఇమ్మన్నారు. నా మూడు వాక్యాలు సొరుగులోకి వెళ్ళాయి.

ఏప్రిల్ 10

సంతకం చేయలేదు.

ఏప్రిల్ 11

చేశాను. శుభ్రపరచడం పూర్తయినదనే ఉంది, అది నిజం. మూలచిత్రంలో నేను ఈసారి ఏ మార్పూ చేయలేదు, అదీ నిజమే. అంగుళం మేర మళ్ళీ మూశాను. ఒక్క అంగుళమే.

మా ఆయన అడగలేదు. అడిగితే చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను.

మే 2, శుక్రవారం

తెరిచారు. రెండు వందల మంది. ముఖ్య అతిథి పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. బొమ్మ ముందు నిలబడి, మీ జాతికి నీడ అవసరం రాలేదు, మా పూర్వీకులు ఇది అర్థం చేసుకోలేకపోయారు, అందుకు సిగ్గుపడుతున్నానన్నాడు. మనం ఎలా గీస్తామో ముందు వాళ్ళే చెప్పి, ఆ తర్వాతే సిగ్గుపడతారు. అందరూ చప్పట్లు కొట్టారు. మూలాలాయన కళ్ళు తడిశాయి. నేనూ కొట్టాను, రెండు చేతులతో.

జనం పలచబడ్డాక మేస్త్రి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. లేబుల్ ముందు నిలబడి కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. దాని మీద వాళ్ళ ముత్తాత పేరు లేదు. ‘అజ్ఞాత చిత్రకారుడు’ అని ఒక వరుస, ‘అజ్ఞాత దేశభక్తుడు’ అని నాలుగు వరుసలు.

“దొర నీడను చెరిపినవాడు దేశభక్తుడా అమ్మా?” అన్నాడు. గొంతు పెంచలేదు. “ఆ దొర అక్కడ ఉంటేనే కదా ఆమె ఎదురు నిలబడినట్టు. అతన్ని తీసేస్తే ఇంకేముంది? ఉత్త గుమ్మం.”

పైవాళ్ళు ఆలోచిస్తున్నారన్నాను.

“ఎవరో తెలిసిందా?”

ఇంకా తెలియలేదన్నాను. రెండోసారి.

“తెలిస్తే చెప్పండమ్మా. కొట్టనులే. ఒక మాట అడుగుతాను. చూసి చేశాడా, చూడక చేశాడా అని.”

మే 5, సోమవారం

సెలవు. మాకు కూడా.

పది గంటలకు వెళ్ళాను. ముఖ్య అతిథి వేలు పెట్టిన చోట మచ్చ పడిందని గార్డుతో చెప్పాను, హాలు తాళం తీశాడు. పెట్టె, దూది, స్పిరిట్, స్టూలు. లేబుల్ పక్కనే కూర్చున్నాను.

కుండ జోలికి, మేక జోలికి పోలేదు. ఒక్క రోజులో అయ్యేది కాదు. గడప ఒక్కటే. ముప్పై ఒక్క ఏళ్ళ కింద అయిదు రోజులు పట్టింది మూయడానికి. తీయడానికి ఆరున్నర గంటలు. నేను వేసిన రంగు నా దూదికి సులువుగానే వచ్చింది. తీయడానికి వీలుగా వేయమని గురువు గారు చెప్పారు అప్పట్లో. కళ్ళు ఆనడం లేదన్న మనిషి.

మూడింటికి భుజాలు వచ్చాయి. నాలుగింటికి టోపీ. చేతిలో కర్ర ఉన్న సంగతి నేను మరిచిపోయాను. కర్ర కొస సరిగ్గా గడప దగ్గర ఆగింది, దాటలేదు. ఆమె చేయి ద్వారబంధాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో అప్పుడు తెలిసింది. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. ఆ తెలుపు ఎప్పుడూ అక్కడే ఉంది.

ఏప్రిల్ 9 నాటి మూడు వాక్యాలు మళ్ళీ టైపు చేసి, సంతకం పెట్టి, డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టి వచ్చాను.

మే 6

తొమ్మిదిన్నరకు తెరిచారు. పదకొండుకు ముగ్గురు ఫిర్యాదు రాశారు, బొమ్మ మీద మరక పడిందని. ఒక టీచరమ్మ పిల్లలను పక్కకు లాగి, ఎవరో తుంటరివాళ్ళు పాడుచేశారని చెప్పిందట. స్కూలు పుస్తకం అట్ట మీద అది లేదు కదా.

మధ్యాహ్నం సస్పెన్షన్ కాగితం. ‘మూలచిత్రానికి నష్టం కలిగించినందున.’ గార్డును కూడా మందలించారు. అది నా వల్లే.

మా ఆయనతో చెప్పాను. “పోనీలే, ఇకనైనా సబ్బు మిగులుతుంది” అన్నారు.

మే 9

విచారణ. రిటైరైన అధికారి ఒకాయన, పక్కన స్టెనో. ఆయనకు చిత్రాల గొడవ పట్టలేదు. త్వరగా ముగించి వెళ్ళాలని ఉంది.

“చిత్రాన్ని పాడుచేసినట్టు ఒప్పుకుంటారా?”

“ఒప్పుకుంటాను. ముప్పై ఒక్క ఏళ్ళ కింద, పదకొండు రోజులు. ఆర్డర్ నంబరు చెప్పమంటారా?”

“నేను మొన్న సోమవారం సంగతి అడుగుతున్నాను.”

“సోమవారం చేసింది మరమ్మతు సార్. అది నా ఉద్యోగమే.”

స్టెనో ఏది రాయాలో తెలియక ఆయన మొహం చూసింది. సోమవారం సంగతి మాత్రమే రాయమన్నారు.

మే 14

కాగితం వచ్చింది. నీడ మీద మళ్ళీ రంగు వేసి యథాస్థితికి తెస్తే సస్పెన్షన్ రద్దు. రెండేళ్ళ పొడిగింపు కూడా ఉంటుందని మూలాలాయన ఫోనులో చెప్పారు. ఆ ట్రస్టువాళ్ళు ఈ నెలాఖరుకు ఫొటోలు తీసుకోవడానికి వస్తారట. యథాస్థితి అంటే నేను చేసిన స్థితి.

“అంత సన్నని పని మీకు తప్ప ఎవరికీ రాదు మేడమ్. అంత గొప్పగా చేశారు అప్పట్లో.”

ఇన్నేళ్ళలో నా పనిని ఆయన మెచ్చుకోవడం ఇదే మొదలు. ఒక్క క్షణం సంతోషం వేసింది. అది కూడా రాసి పెట్టాలి.

జవాబు: ‘ఆ పని ఒకసారి చేశాను. రెండోసారి చేయను.’ మా ఆయన వెళ్ళి పోస్టు చేసి వచ్చారు.

మే 16

పొద్దున్న మేస్త్రి ఇంటికి వచ్చాడు. గార్డు దారి చెప్పాడట. కూర్చోమంటే ఈసారి కూర్చున్నాడు.

మ్యూజియం నుంచి పిలుపు వచ్చిందన్నాడు. నేను రానన్నాక, చేయి నిలకడగా ఉన్న పెయింటర్ ఎవడైనా దొరుకుతాడా అని ఆఫీసువాళ్ళు వీధిలో వాకబు చేశారట. మందుల షాపువాడు ఇతని పేరు చెప్పాడు. ఆఫీసువాళ్ళకు పెయింటర్ అంటే పెయింటరే. నాలుగుసార్లు ఫారం ఇచ్చి పంపిన మనిషని ఎవరూ పోల్చుకోలేదు. మూలాలాయన దగ్గరుండి తీసుకెళ్ళి, ఈ మరక కనబడకుండా నేల రంగు వేయాలన్నారట. పాడైపోయిన చేతిపని సంగతి గుర్తు రాలేదు కాబోలు.

“ఏమన్నావు?”

“కొలతలు తీసుకోవాలన్నానమ్మా. అర్ధగంట ఒంటరిగా వదిలేయమన్నాను. వదిలేశారు. కుర్చీ కూడా వేశారు.”

మా తాత కూడా చూడలేదమ్మా దీన్ని అన్నాడు. వాళ్ళింట్లో మూడు తరాలు చెప్పుకోవడమే తప్ప ఎవరూ చూడలేదట. టోపీ చూసి నవ్వొచ్చిందట. తను అనుకున్నదానికంటే దొర పొట్టివాడని.

రంగు వేస్తావా అని అడిగాను. వేయనని చెప్పి వచ్చేశానన్నాడు. ఇంకొకడెవడో దొరుకుతాడు, వేస్తాడు, అదీ తనకు తెలుసు. జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. గుమ్మం, ఆమె, గడప, నీడ. ప్రతి గీత పక్కనా అంగుళాలు వేసి ఉన్నాయి. బజారు మలుపులో తనకు తెలిసిన ఒక పాత గోదాము గోడ ఉందట. దక్షిణపు గోడ, రోజంతా ఎండ. ఉన్నదున్నట్టు నిలువెత్తు వేస్తానన్నాడు. కింద ముత్తాత పేరు.

కాగితం చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటి తప్ప.

“టోపీ అంచు నాలుగంగుళాలు వేశావు. నాలుగున్నర ఉంటుంది.”

“దూరంగా నిలబడి కొలిచానులే. మీకెలా తెలుసమ్మా, అంత ఖాయంగా?”

“దాని మీద రంగు వేసింది నేనే మేస్త్రీ. చూసే వేశాను.”

మా ఆయన వంటింట్లో గిన్నె దించిన చప్పుడు వినబడింది. మేస్త్రి నా మొహం చూడలేదు, కాగితం దగ్గరకు లాక్కున్నాడు. అడుగుతానన్న మాటకు జవాబు అందులోనే ఉంది, ఇంక అడగడానికి ఏమీ మిగలలేదు. పెన్సిల్ తీశాడు. నాలుగు కొట్టేసి నాలుగున్నర వేశాడు.

“కర్ర?” అన్నాడు.

చెప్పాను. రాసుకున్నాడు.